గడ్డ అను ఒక్క మాట: బాలింతల రొమ్ము వ్యాధుల చరిత్రమున కొన్ని పుటలు

మన తెలుగునకు ‘గడ్డ’ అను మాటపై మక్కువ యెక్కువ. నేలలో ఊరిన దుంప గడ్డ; ఏటి యొడ్డు గడ్డ; పేరిన పెరుగు గడ్డ; పేరుకొన్న నీరు మంచుగడ్డ; పుట్టిన సీమను తలచుకొన్నప్పుడు అది తెలుగుగడ్డ. ఒంటిపై లేచిన సెగగడ్డయు గడ్డయే. ఇన్ని అర్థములను మోయు ఈ చిన్నమాటపైననే, బిడ్డకు పాలిచ్చు తల్లి తన రొమ్మునందు చేతికి తగిలిన గట్టిదనమునకు గూడ పేరు పెట్టు భారము పడినది. పాలు పేరుకొని కట్టినది గడ్డ, చీముపట్టినది గడ్డ, ప్రాణాంతకమగు క్యాన్సరు కంతియు గడ్డయే.

ఇక క్యాన్సరునకు మన పెద్దలు వాడిన పేరు రాచపుండు. కొన్నిచోట్ల ఇతర మహావ్రణములకు గూడ ఈ పేరు చెల్లినను, క్యాన్సరు అనగానే పెద్దవారి నోట నేటికిని వచ్చునది ఇదియే. ఈ పేరువద్ద కొంచెము నిలువవలసియున్నది. పుండు అనగా తోలు పగిలి వెలికి కనబడు వ్రణము. అనగా ఆ వ్యాధి చర్మమును చీల్చుకొని బయటపడిన పిదపనే, దాదాపు చివరి దశలో, మన భాష దానిని గుర్తించి పేరు పెట్టినది. అంతకుముందు అది రొమ్ములోపల నొప్పిలేక దాగియుండు కాలమునకు వేరు పేరు లేదు. ఆ కాలమంతయు అది ‘గడ్డ’ అను ఉమ్మడి ఇంటిలో పాలగడ్డలతో కలిసి కాపురము చేసినది. మేము ఈ వ్యాసమున చెప్పదలచినది ఆ ఉమ్మడి కాపురపు చరిత్రము.

వర్తూరు చెరువు చుట్టునున్న ఊళ్ళలో తెలుగు వినబడుట నిన్నటి ముచ్చట కాదు. హొసకోటె, కోలారు దారులలో తరతరములుగ సేద్యము చేసికొని బ్రతికిన తెలుగు కుటుంబములు ఒకవంక. 1990ల చివర వైట్‌ఫీల్డు ప్రక్క సాంకేతిక ఉద్యానములు లేచిన తరువాత గుంటూరు, కడప, వరంగల్లుల నుండి వచ్చి ఇండ్లు కట్టుకొని స్థిరపడినవారు మరొకవంక. పాతవారి ఇండ్లలో బాలింతకు అవ్వ చెంతనే యుండును. క్రొత్తవారి ఇండ్లకు పురుడుపోయుటకై తల్లి రైలెక్కి వచ్చి, మూడు నెలలుండి తిరిగి పోవును. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము. బాలింతను ఇచట బాణంతి యందురు. గడ్డను గడ్డె యనియు, గంటు అనియు నందురు. వైద్యశాల గుమ్మము దాటి భాష మార్చి చెప్పినను మన స్త్రీకి దొరకునది అట్టి ఉమ్మడి మాటయే. రాజుల చరిత్రములును కవుల చరిత్రములును ఇట్టి సంచికలలో విరివిగ వచ్చుచుండును. ప్రతి యింట ఏదో యొక రాత్రి ఒక బాలింతను నిద్రపోనీయని ఈ భయమునకును చరిత్రము కలదు గనుక, దానికి గూడ కొన్ని పుటలు కేటాయించుట అనుచితము కాదని మా తలంపు.

ముందుగా ఇంటి వైద్యమును చూతము. ప్రసవమైన రెండు మూడు దినములకు పాలు పడును. రొమ్ములు బరువెక్కి, రాయివలె గట్టిపడి, కొందరికి జ్వరము గూడ వచ్చును. అవ్వలు దీనిని చూచి బెదరలేదు. ‘పాలు గడ్డకట్టినవి, బిడ్డను పట్టించుము’ అనిరి. ఈ ఒక్క సలహాయందు వారు సంపూర్ణముగ సరియైనవారు. పాలిచ్చు కాలమున చేతికి తగులు గడ్డలలో అత్యధికములు పాలవలన కలుగునవే: పాలనాళము మూసికొనిపోవుట, పాలతిత్తి, వాపు, చీముగడ్డ, పాలిచ్చు కాలమున పెరుగు నిరపాయకరములైన కంతులు. అవ్వ ధైర్యము అనుభవమునుండి పుట్టినదే గాని అజ్ఞానమునుండి పుట్టినది కాదు.

పాలు ఇంకింపవలసి వచ్చినప్పుడు రొమ్మునకు మల్లెపూలు కట్టుట దక్షిణదేశమున పాత ఆచారము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఈ పూలు కట్టిన ఇండ్ల దుఃఖము వేరుగ చెప్పనక్కరలేదు. దీనిని చాదస్తమని కొట్టివేయక, వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల వైద్యులు పరీక్షించి 1988లో ఫలితములను ప్రకటించిరి. బ్రోమోక్రిప్టిన్ అను మందు ఇచ్చిన స్త్రీలతో మల్లెలు కట్టిన స్త్రీలను పోల్చి చూడగా, పాలను పుట్టించు ప్రొలాక్టిన్ అను స్రావము రెండు పక్షములందును తగ్గినది. మందుతో మిక్కిలి తగ్గినది. అయినను పాలను ఆపుటలో పూలును పనిచేసినవి.

అయితే ఇంటివైద్యమునందు తప్పులును లేకపోలేదు. గట్టిపడిన రొమ్మును కాగుచున్న గుడ్డతో కాపి, బొటనవ్రేలితో నొక్కి నొక్కి పిసుకుట వానిలో నొకటి. ఇందు వింతయేమనగా, సుశ్రుతుడు ఆనాడే వారించినాడు. సుశ్రుతసంహిత నిదానస్థానమున స్తనరోగములకు చోటు కలదు. కన్యల స్తనములందలి నాళములు మూసియుండుటచే వారికి ఆ రోగములు కలుగవనియు, గర్భిణులకును ప్రసవించినవారికిని ఆ నాళములు స్వభావముచేతనే తెరచుకొనుటచే కలుగుచున్నవనియు నచట చెప్పబడినది. చికిత్సాస్థానమునందు, స్తనమునందలి గడ్డ పక్వమగుచున్నను దానికి ఉపనాహము, అనగా వేడిపట్టు, వేయరాదనియు, అచటి మాంసము మృదువగుటచే త్వరలో కుళ్ళి చీలిపోవుననియు హెచ్చరిక యున్నది. అన్ని దశలయందును పాలను పిండి తీయవలెనని గూడ చెప్పబడినది. చనుబాల విషయమై కృషిచేయు వైద్యుల అంతర్జాతీయ సంఘమొకటి 2022లో వెలువరించిన నియమములలో, గట్టిగ పిసుకుట కూడదనియు, వాపునకు చల్లని పట్టు మేలనియు, బిడ్డ అడిగినంత పాలిచ్చుట మానరాదనియు చెప్పినది. పాలను పూర్తిగ పిండివేయవలెనను పట్టుదల గూడ వలదనెను. ఈ చివరి మాటలో సుశ్రుతునకును నేటివారికిని భేదము కలదు. వేడిపట్టు విషయమున మాత్రము ఇరువురును ఒకే గట్టున నిలిచిరి.

సుశ్రుతుడు అర్బుదమను పేర క్యాన్సరు వంటి కంతులను వేరొక అధ్యాయమున వర్ణించినాడు. పాలగడ్డకును అర్బుదమునకును శాస్త్రమున వేర్వేరు అధ్యాయములు కలవు. వాడుకలో రెంటికిని ఒకే మాట. పండితుల భాషకును ఇంటిభాషకును మధ్య ఈ దూరము ఇతర దేశములయందును ఉండెను. ఐగుప్తు దేశమున క్రీ.పూ. 1600 ప్రాంతమున వ్రాయబడిన ఒక పత్రము, నేడు ఎడ్విన్ స్మిత్ పేరిట ప్రసిద్ధమైనది, రొమ్మునందలి ఉబ్బులను చేతితో తాకి వేరుపరచుట నేర్పుచున్నది. తాకగా చల్లగా నుండి, ద్రవము లేక, గట్టిగ వ్యాపించిన ఉబ్బునకు చికిత్స లేదని అందు వ్రాసిరి. వేడిగల గడ్డ వేరు, చల్లని గడ్డ వేరు. మూడువేల అయిదువందల యేండ్లకు పైబడిన ఈ గుర్తు నేటికిని చాలవరకు నిలుచును: చీముగడ్డ సాధారణముగ వేడిగ, నొప్పిగ నుండును, క్యాన్సరు కంతి తరచుగ నొప్పిలేక చల్లగ నుండును. మన యిండ్లలో నొప్పిలేని దానిని మంచిదని తలచుట వాడుక. వ్యాధి ఈ తలంపును తనకు ఆసరా చేసికొన్నది.

పాలకును క్యాన్సరునకును ఏమి సంబంధము? ఈ ప్రశ్నకు సమాధానము రాబట్టుటకు మూడు శతాబ్దములు పట్టినది. ఇటలీ వైద్యుడు రామజ్జీనీ, వృత్తులవలన కలుగు వ్యాధులను గూర్చి 1700లో వెలువరించిన గ్రంథమున, క్రైస్తవ సన్యాసినులలో రొమ్ము క్యాన్సరు హెచ్చుగ నున్నదని గమనించెను. కారణమును సరిగ విడదీసి చూచినది మాత్రము ఇంగ్లండునకు చెందిన జానెట్ లేన్ క్లేపన్ అను వైద్యురాలు. ఈమె పేరు మన పాఠకులు అంతగ విని యుండరు; వినదగినది. 1912లో ఆమె బెర్లిను నగర శిశువుల తూకములను పరిశీలించి, తల్లిపాలు త్రాగిన బిడ్డలను కాచిన ఆవుపాలు త్రాగిన బిడ్డలతో పోల్చెను. పదునాలుగేండ్లకు పిదప, 1926లో, రొమ్ము క్యాన్సరు గల 500 మంది స్త్రీలను, ఆ వ్యాధి లేని మరి 500 మంది స్త్రీలను ప్రశ్నించి, పెండ్లి యెప్పుడు, కాన్పులెన్ని, ఎంతకాలము పాలిచ్చితిరి అని వ్రాసికొని పోల్చెను. రోగులను ఆరోగ్యవంతులతో ఇట్లు సరితూచి కారణము వెదకు పద్ధతికి అది మొదటి మేలిమి ఉదాహరణములలో నొకటి. పాలను గూర్చియు క్యాన్సరును గూర్చియు ఒకే స్త్రీ ఆలోచించుట యాదృచ్ఛికము కాదని మేము తలతుము.

అయినను శాస్త్రము తిన్నగ నడువలేదు. 1970లో మక్‌మాన్ అను పండితుడును అతని సహచరులును అనేక దేశముల స్త్రీల వివరములు చూచి, పాలిచ్చుటవలన రక్షణ యేమియు లేదనియు, మొదటి కాన్పు చిన్నవయస్సున నగుటయే రక్షణయనియు చెప్పిరి. చాలమంది ఆ మాటకు తలయూపిరి. 1977లో హాంకాంగునుండి ఒక చిన్న వార్త వచ్చినది. అచట పడవలలో నివసించు టంకా జాతి స్త్రీలు, రవికె కుడివైపున తెరచుకొనుటచే, బిడ్డలకు కుడిరొమ్మునే ఇచ్చు అలవాటు గలవారు. వారిలో వయస్సు మళ్ళినవారికి పాలివ్వని ఎడమరొమ్మునందే క్యాన్సరు హెచ్చుగ కనబడినది. ఒకే స్త్రీ, ఒకే ఆహారము, ఒకే వంశము. భేదము పాలు మాత్రమే. తుదకు 2002లో 30 దేశములయందలి 47 అధ్యయనములను ఒకచోట చేర్చి, వ్యాధిగల 50,302 మందిని, వ్యాధిలేని 96,973 మందిని లెక్కించి చూడగా, ప్రతి 12 నెలల స్తన్యదానమునకు అపాయము నూటికి 4.3 వంతుల చొప్పున తగ్గుచున్నదని తేలినది. ప్రతి కాన్పునకు తగ్గు 7 వంతులు దీనికి వేరు.

ఇచట చదువరులు తొందరపడరాదు. ఈ రక్షణ జీవితమంతయు కలిపి చూచిన లెక్క. 2019లో ప్రకటితమైన మరియొక పెద్ద పరిశీలనవలన, ప్రసవమైన వెంటనే అపాయము తగ్గక కొంత పెరుగుననియు, అది 5 సంవత్సరముల ప్రాంతమున హెచ్చుస్థాయికి చేరి, క్రమముగ తగ్గి, 24 సంవత్సరములకు గాని కాన్పు మేలుగ పరిణమింపదనియు తెలిసినది. చిన్నవయస్సు స్త్రీలలో ఈ వ్యాధి అరుదగుటచే ఆ పెరుగుదలయు లెక్కకు చిన్నదే. కాని ‘పాలిచ్చు తల్లికి ఆ రోగము రాదు’ అను మాట మాత్రము అసత్యము. గర్భమునందుగాని, కాన్పైన ఏడాదిలోపలగాని ఈ వ్యాధి బయటపడుట సుమారు 3,000 గర్భములకు ఒకటి యని వైద్యగ్రంథములలో వాడుక లెక్క. అరుదైనదే; లేనిది కాదు.

అట్టి అరుదైన స్త్రీల విషయమున వైద్యులు సైతము చాలకాలము చేతులెత్తివేసిరి. 1943లో హాగెన్‌సన్, స్టౌట్ అను అమెరికను వైద్యులు, గర్భకాలమునగాని పాలిచ్చు కాలమునగాని వచ్చిన రొమ్ము క్యాన్సరును శస్త్రచికిత్సకు లొంగని దానిగ పరిగణించిరి. వారు చూచిన రోగులు కొలదిమంది, వచ్చినది ఆలస్యముగ. 1955లో వైట్ అను వైద్యుడు 1,413 మంది వృత్తాంతములను సేకరించి, ఇంత నిరాశకు కారణము లేదని వాదించెను. వ్యాధి ఏ దశలో పట్టుబడినది అన్నదే ముఖ్యముగాని, స్త్రీ బాలింత యగుటయే మరణశాసనము కాదని తరువాతి వైద్యులును క్రమముగ ఒప్పుకొనిరి. ఆలస్యమునకు మూలమేమి? పాలతో నిండిన రొమ్మున కంతి సులభముగ తెలియదు. తెలిసినను ‘పాలగడ్డ’ అని తల్లియు, అవ్వయు, ఒక్కొక్కప్పుడు వైద్యుడును సమాధానపడుదురు. మేము పైన చెప్పిన ఉమ్మడి కాపురము ఇదియే. అది తెలుగువారిది మాత్రమే కాదు, అమెరికాయందును ఉండెను.

ఇక మన సీమకు వత్తము. దక్షిణదేశమున క్యాన్సరు వైద్యమునకు పునాది వేసినవారిలో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డిగారి పేరు మొదట చెప్పవలెను. 1912లో మద్రాసు వైద్యకళాశాలలో పట్టము పొంది, ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలలో హౌస్ సర్జనుగ పనిచేసిన ఆమె, తన చెల్లెలు క్యాన్సరుతో మరణించుటను కన్నులార చూచినది. ఆ దుఃఖమును ఆమె మరువలేదు. ఆమె ప్రయత్నమువలన 1952లో నెహ్రూగారు శంకుస్థాపన చేయగా, 1954లో అడయారున 12 పడకలతో క్యాన్సరు సంస్థ మొదలైనది. నెల్లూరు, చిత్తూరు, కడప సీమలనుండి ఎన్ని తెలుగు కుటుంబములు ఆ గుమ్మము త్రొక్కినవో చెప్పనలవి గాదు. ఆ మరుసటి యేడు, 1955లో, హైదరాబాదున నవాబు మెహదీ నవాజ్ జంగుగారి పేరిటి క్యాన్సరు వైద్యశాల వెలసినది. బెంగళూరున హోసూరు రోడ్డునగల కిద్వాయి స్మారక సంస్థ 1973లో స్థాపితమై, 1980లో ప్రాంతీయ క్యాన్సరు కేంద్రముగ గుర్తింపు పొందినది. వర్తూరునకు మరింత దగ్గరగ, వైట్‌ఫీల్డున, చిత్తూరు పార్లమెంటు సభ్యులుగ నుండిన డి. కె. ఆదికేశవులుగారు స్థాపించిన వైదేహి వైద్యశాలలో గూడ క్యాన్సరు విభాగము కలదు.

కిద్వాయి సంస్థవారి యొక పని అంతగ కనబడనిది, కాని మిక్కిలి విలువైనది. 1982 మొదలు బొంబాయి, మద్రాసులతోపాటు బెంగళూరునందును ప్రజలలో కలుగు ప్రతి క్యాన్సరును నమోదుచేయు చిట్టా ప్రారంభమైనది. మొదట స్త్రీలలో గర్భాశయముఖ క్యాన్సరు అగ్రస్థానమున నుండెను. ఇటీవలి దశాబ్దములలో రొమ్ము క్యాన్సరు దానిని మించినది. ఆలస్యముగ పెండ్లి, తక్కువ కాన్పులు, కొలదినెలల స్తన్యము, బరువు పెరుగుట: లేన్ క్లేపనమ్మ 1926లో అడిగిన ప్రశ్నలలో పెక్కింటికి మన నగరము ఇప్పుడు జవాబు చెప్పుచున్నది.

ఈ వ్యాధికి మందు చరిత్రములో తెలుగువాని పేరొకటి కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసున వైద్యము చదివి అమెరికా చేరిరి. సోదరులు స్ప్రూ అను జీర్ణవ్యాధితో మరణించుట ఆయన హృదయమును గాయపరచినది. లెడర్లీ సంస్థలో ఆయన ఆధ్వర్యమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ తయారైనది. దానికి ప్రత్యర్థులుగ పనిచేయు అమినోప్టెరిన్, మెథొట్రెక్సేట్ అను మందులును అచటనే పుట్టినవి. 1948లో ఫార్బర్ అను వైద్యుడు అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తక్యాన్సరు తాత్కాలికముగ వెనుకకు తగ్గుటను చూపెను. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు కన్నుమూసిరి. 1951లో జేన్ రైట్ అను వైద్యురాలు రొమ్ము క్యాన్సరునందు మెథొట్రెక్సేట్ పనిచేయుటను గమనించినది. 1956లో హెర్ట్జ్, లీ అను వైద్యులు అదే మందుతో మాయనుండి పుట్టు ఒక క్యాన్సరును నయము చేసిరి. మందుతోనే సమూలముగ నయమైన మొదటి గట్టికంతి అది, అనగా గర్భధారణకు సంబంధించినదే. 1976లో మిలాను నగరమున బొనడొన్న అను వైద్యుడు, శస్త్రచికిత్స పిదప మూడు మందులను కలిపి యిచ్చి రొమ్ము క్యాన్సరు తిరిగి వచ్చుట తగ్గునని చూపెను. ఆ మూటిలో మెథొట్రెక్సేట్ ఒకటి. భీమవరపు బిడ్డ చేతిచలువ ఎన్ని దేశముల తల్లులకు చేరినదో తలచుకొనుట మనకు తగును. ఆ మందు వాడుకాలమున బిడ్డకు పాలివ్వరాదని గూడ అదే నోట చెప్పవలెను.

హైదరాబాదున డాక్టర్ రఘురామ్‌గారు, స్వయముగ వైద్యురాలైన తమ తల్లి ఉషాలక్ష్మిగారు ఈ వ్యాధి బారినపడి కోలుకొన్న పిదప, 2007లో ఆమె పేర ఒక సంస్థను స్థాపించి, రొమ్ము వ్యాధులను గూర్చి తెలుగున బాహాటముగ మాట్లాడుట మొదలిడిరి. రొమ్ము అను మాటను సభలో పలుకుటకు జంకు జాతికి అది చిన్న సాహసము కాదు.

నేటి వైద్యులు చెప్పుచున్నది ఇది. పాలిచ్చు తల్లికి గడ్డ తగిలినచో, బిడ్డ పాలు త్రాగిన పిదప అది మెత్తబడునా, చిన్నదగునా అని చూడవలెను. రెండు వారములకును పోనిది, పెరుగుచున్నది, చంకలో గూడ గట్టిదనము గలది, చర్మమును లోనికి లాగుచున్నది, మొననుండి రక్తము కార్చునది వైద్యుని చూడక నిలువరానిది. వాపు, ఎఱ్ఱదనము, వేడి మందులకు లొంగక నిలిచినచో అదియు జాగ్రత్తపడవలసినదే. ఏలయన అరుదుగ క్యాన్సరే వాపు రూపమున వచ్చును, అప్పుడు ఐగుప్తువారి చల్లని గుర్తు పనికిరాదు. 1974లో గోల్డ్‌స్మిత్ అను శస్త్రవైద్యుడు, అంతవరకు త్రాగుచుండిన బిడ్డ ఒక్క రొమ్మునే అకారణముగ తిరస్కరించుటను గూడ ఒక గుర్తుగ వ్రాసెను. బిడ్డ ముఖము త్రిప్పుకొనుటకు నూరు కారణములుండును గనుక దీనికి బెదరనక్కరలేదు గాని గడ్డయు తోడైనచో మరువరాదు.

పరీక్షకై పాలు మాన్పనక్కరలేదు. అల్ట్రాసౌండు మొదటి పరీక్ష. అది తల్లికిగాని పాలకుగాని హాని చేయదు. అవసరమైనచో మామోగ్రామును చేయవచ్చును. పరీక్షకు ముందు బిడ్డకు పాలిచ్చి వెళ్ళినచో రొమ్ము తేలికపడి చిత్రము స్పష్టముగ వచ్చును. సందేహము తీరనిచో సూదితో చిన్నముక్క తీసి చూచెదరు. ఆ రంధ్రమునుండి పాలు కారుచుండుట సంభవమే గాని అరుదు. చీటీపై మాత్రము ‘బాలింత, పాలిచ్చుచున్నది’ అని వ్రాయించుట మరువరాదు. కన్నడమున ‘బాణంతి’ అని చెప్పినను సరిపోవును. పాలిచ్చు కాలమున రొమ్మునందలి కణములు సహజముగనే పెద్దవై, చురుకై, సూక్ష్మదర్శినిలో క్యాన్సరును పోలి కనబడవచ్చును. ఆ మాట తెలియని పరీక్షకుడు పాలగడ్డను రాచపుండుగ చదువు ప్రమాదము కలదు.